గ్రూపులో చేర్చబోతే సుడో పోయింది

హనుమకొండ చౌరస్తా దగ్గర మా డీటీపీ షాపులో ఉన్నది ఒకటే ఉబుంటు (లినక్స్) సిస్టమ్. ప్రింటర్ సెట్టింగుల కోసం నా యూజర్‌ని ఎల్‌పీఅడ్మిన్ గ్రూపులో చేర్చుదామని, యూజర్ వివరాలు మార్చే యూజర్‌మాడ్ కమాండ్‌కి మైనస్ పెద్ద జి ఒక్కటే ఇచ్చాను. రీస్టార్ట్ చేసి సుడో (అడ్మిన్ హక్కులతో పని చేయించే కమాండ్) కొడితే, ఈ యూజర్ సుడోయర్స్ ఫైల్లో, అంటే సుడో అనుమతుల జాబితాలో, లేడంది. పాస్‌వర్డ్ మాత్రం సరైనదే! పెళ్లిపత్రికల కోసం వచ్చిన పెద్దాయన ఎదురుగా కూర్చుని ఉన్నాడు. "బాపూ, జర పది నిమిషాలాగు" అన్నాను గానీ, లోపల ఒకటే టెన్షన్.

యూజర్ ఏ గ్రూపుల్లో ఉన్నాడో చూపే ఐడీ కమాండ్ కొట్టి చూస్తే నా సొంత గ్రూపు, ఎల్‌పీఅడ్మిన్, రెండే మిగిలాయి. చిన్న ఏ కలపకుండా పెద్ద జి ఇస్తే, పాత అదనపు గ్రూపులన్నీ తీసేసి మనం ఇచ్చిందే ఉంచుతుంది. అలా సుడో అనుమతి ఇచ్చే సుడో గ్రూపు కూడా పోయింది. ఉబుంటులో అన్ని అధికారాలూ ఉండే రూట్ ఖాతాకి మామూలుగా పాస్‌వర్డ్ ఉండదు, కాబట్టి రూట్‌గా లాగిన్ అయి సరిచేసే దారీ లేదు.

సిస్టమ్ ఆన్ అయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో రికవరీ మోడ్‌కి వెళ్లి రూట్ షెల్ తెరిచాను. అక్కడ డిస్క్ చదవడానికే ఉంటుంది. మౌంట్ కమాండ్‌తో రీమౌంట్ చేసి రాయడానికి వీలు కల్పించాలి. తర్వాత యూజర్‌మాడ్, మైనస్ చిన్న ఏ పెద్ద జి, సుడో, నా యూజర్ పేరు. రీబూట్ అయ్యాక సుడో పనిచేసింది.

ఇప్పుడు యాడ్‌యూజర్ వాడుతున్నాను: ముందు యూజర్ పేరు, పక్కన గ్రూపు పేరు. పాత గ్రూపుల జోలికి పోదు.