అంబాసిడర్ టైర్లు: తిరగకుండానే పోతున్నాయా?

నరసన్నపేటలో మా ఇంటి ముందు చింతచెట్టు కింద నాన్నగారి అంబాసిడర్ ఉంటుంది. ఏడాదికి నాలుగైదు పెళ్లిళ్లు, రథసప్తమికి అరసవల్లి, అంతే దాని తిరుగుడు. టైర్లకి మాత్రం ఇప్పటికి మూడుసార్లు డబ్బు పోశాం, అందులో రెండుసార్లు దండగే. తప్పు టైర్లది కాదు, మాది.

సమస్య: బటన్లు (రోడ్డుని పట్టే గడ్డలు) నిండుగా ఉన్నాయి, కానీ పక్కల్లో సన్నని పగుళ్లు.
మా పంక్చర్ తాత ఒకసారి చేత్తో తడిమి "గుండు అవనేదు బాబూ, ముసిలైపోనాది" అన్నాడు. అదే కారణం. రబ్బరులో కలిపిన మైనం టైరు తిరుగుతూ వంగుతున్నప్పుడే పైకి వచ్చి కాపాడుతుంది, కదలకుండా ఎండలో నిలబెడితే రబ్బరు ఎండిపోతుంది. పగుళ్లకి మందు లేదు, నల్ల పాలిష్ పూస్తే అవి కనపడకుండా పోతాయి గానీ మానవు. కొత్తవి కొనేటప్పుడు టైరు పక్కన నాలుగంకెలు వెతకండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైనదని. ఈ సైజు అడిగేవాళ్లు తక్కువ కాబట్టి సరుకు షాపులో ఏళ్ల తరబడి మగ్గుతుంది, "చవకగా ఇస్తాను" అన్నాడంటే ముందు తేదీ చూడాలి. ఏడాది లోపుది అయితేనే తీసుకోండి.

సమస్య: పొద్దున్నే తీస్తే గుడగుడ, నాలుగు కిలోమీటర్లు పోయాక తగ్గుతుంది.
నెలల తరబడి ఒకేచోట నిలబడి కింది భాగం చదునైంది. పది పదిహేను రోజులకోసారి కారుని ఒక మూర ముందుకి జరపండి, నిలబెట్టేటప్పుడు నాలుగైదు పాయింట్లు (పీఎస్‌ఐ) గాలి ఎక్కువ ఉంచండి, బయటికి తీసేరోజు తగ్గించండి. 60 దాటాక స్టీరింగ్ వణికితే మాత్రం అది వేరే కథ, బ్యాలెన్సింగ్ చేయించాలి.

సమస్య: ముందు టైర్లు ఒక అంచునే తినేస్తున్నాయి.
మేం ఎక్కువ నష్టపోయింది ఇక్కడే. అరిగినప్పుడల్లా టైరు మార్చాం, టైరుని తింటున్నదాన్ని చూడలేదు. అరచేతిని బటన్ల మీద లోపలి నుంచి బయటికి, మళ్లీ బయటి నుంచి లోపలికి తిప్పండి, ఒకవైపు నున్నగా జారి ఇంకోవైపు గరగరా తగిలితే చక్రాలు తిన్నగా లేవు, అలైన్‌మెంట్ తప్పింది. కానీ వెంటనే అలైన్‌మెంట్ మెషిన్ దగ్గరికి పరిగెత్తకండి. ముందు జాకీ వేసి చక్రం పైనా కిందా పట్టుకుని ఊపండి, లొటలొటలాడితే బేరింగో, ముందు చక్రం పక్కలకి తిరిగే కింగ్‌పిన్ భాగాలో అరిగాయన్నమాట, వాటిని మార్చకుండా చేయించిన అలైన్‌మెంట్ పది గుంతలు దాటితే మళ్లీ మొదటికే. ఈ బండికి కింద గ్రీజు పెట్టే చోట్లుంటాయి, వాటిని మర్చిపోతే కొత్త టైర్లు కూడా అలాగే పోతాయి. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ, నడుమ అరిగితే ఎక్కువ. బండి చల్లగా ఉన్నప్పుడే గాలి చూసుకోవాలి, హైవే మీద వచ్చి ఆగిన వెంటనే చూస్తే రెండు మూడు పాయింట్లు ఎక్కువే చూపిస్తుంది.

సమస్య: స్టీరింగ్ బరువెక్కింది, మలుపులో మడ్‌గార్డుకి రాస్తోంది.
ఒక షాపాయన మాకు "15 రిమ్మే కదా, బొలెరో టైర్లు వేసేద్దాం" అన్నాడు, మేం సరేనన్నాం. అది 215/75, వెడల్పాటి టైరు, పాత ఇరుకు రిమ్ముకి సరిగ్గా కూర్చోదు. అంబాసిడర్‌కి అసలు వచ్చేది 5.90-15 నైలాన్ టైరు, అంటే లోపలి దారాల పొరలు ఏటవాలుగా ఉండే పాతరకం. రేడియల్ (దారాలు అడ్డంగా ఉండే రకం) వేస్తే 165/80 ఆర్15 లాంటి సన్నటిదే చూడండి. ఎత్తు లెక్క మీరే వేసుకోవచ్చు: 165 టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, అందులో 80 శాతం పక్క గోడ ఎత్తు, అంటే 132, రెండువైపులా 264, 15 అంగుళాల రిమ్ము 381, మొత్తం 645 మిల్లీమీటర్లు. అదే 175/70 అయితే 626, అంటే మీరు 60లో వెళ్తుంటే మీటరు 62 దాకా చూపిస్తుంది. బరువు అంకె కూడా చదవండి, 87 అంటే ఒక్కో టైరు 545 కిలోలు మోస్తుంది. పెళ్లికి ఏడుగురిని కుక్కే బండికి అది ముఖ్యం.

సమస్య: సాలూరు ఘాట్ మలుపుల్లో వెనక తోక ఊగుతోంది.
ముందు రేడియల్, వెనక నైలాన్ వేసి ఉంటారు. డబ్బు సరిపోక రెండే కొంటే రేడియల్ జతని వెనకే వేయండి, ఒకే ఇరుసు మీద రెండు రకాలు కలపొద్దు. వీలైతే నాలుగూ ఒకటే.

ట్యూబ్‌లెస్ మోజు కూడా వద్దు, పాత రిమ్ము అంచులు తుప్పు పట్టి ఉంటాయి, గాలి నిలవదు. తుప్పు గీకి రంగు వేసి, రేడియల్‌కి రేడియల్ ట్యూబే, ఆ సైజుదే వేయించండి. రంగు ఆరాకే సుమా.

డిక్కీలో స్టెప్నీ తేదీ ఎవరూ చూడరు. మాది బటన్లు చెక్కుచెదరకుండా కొత్తదానిలా ఉండేది, తీరా తుడిచి చూస్తే మూడంకెలే ఉన్నాయి, అంటే 2000కి ముందుది. ఇప్పుడది చింతచెట్టుకి ఉయ్యాల.