రాక్ బ్యాండ్, ఆర్కెస్ట్రా పిల్లలు ఒకే స్టేజీ ఎక్కే ముందు

ముందు శ్రుతి సంగతి తేల్చండి. గిటార్ ట్యూనర్ మామూలుగా 440 హెర్ట్జ్‌లో ఉంటుంది, కొన్ని ఆర్కెస్ట్రాలు 442 పెట్టుకుంటాయి, ఆ చిన్న తేడానే అందరూ ఒకే స్వరం పట్టినప్పుడు చెవికి గుచ్చుకుంటుంది. పాట E మేజర్ స్కేల్‌లో ఉంటే గిటారిస్టుకి హాయి, కానీ బి ఫ్లాట్ ట్రంపెట్‌కి నొటేషన్ ఒక స్వరం పైకి రాయాలి, కాబట్టి అది వాయించే పిల్లాడికి ఆరు షార్పులు (స్వరాన్ని అర మెట్టు పెంచే గుర్తులు)! ఇది నొటేషన్ రాసేటప్పుడే చూసుకోవాలి.

అసలు తలనొప్పి డ్రమ్స్. 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు ఉండొచ్చంటారు, 100 దగ్గర 15 నిమిషాలే, ఇక డ్రమ్స్ ముందే కూర్చుని వయోలా (వయొలిన్ కంటే కాస్త పెద్దది) వాయించే పిల్లల సంగతి ఆలోచించండి. అందరికీ ఇయర్‌ప్లగ్స్ ఇవ్వండి, డ్రమ్స్‌కి పారదర్శకమైన అడ్డు పెట్టండి, గిటార్ ఆంప్‌లు (ఆంప్లిఫయర్ స్పీకర్లు) ఎవరి వీపుకీ గురిపెట్టొద్దు. సౌండ్ తగ్గిస్తే ఫీల్ పోతుందని గిటారిస్టు అంటాడు, అని తీరతాడు, వినకండి.

టెంపో (పాట వేగం) ఆర్కెస్ట్రా కండక్టర్‌దా, డ్రమ్మర్‌దా? ముందే ఖాయం చేసుకోండి. శబ్దం 10 మీటర్లు రావడానికి దాదాపు 29 మిల్లీసెకన్లు పడుతుంది, అందుకే వెనక వరుస వాళ్లు విని కాదు, టెంపో ఇచ్చేవాళ్లని చూసి వాయించాలి. క్లిక్ ట్రాక్ (ఇయర్‌ఫోన్‌లో టిక్ టిక్‌మని తాళం చెప్పేది) ఉంటే కండక్టర్, డ్రమ్మర్ ఇద్దరి చెవుల్లోనూ వినపడాలి.

కేబుల్స్‌ని నేలకి టేపుతో అంటించండి, చీకట్లో చెల్లో మోసుకుంటూ నడిచేవాళ్లుంటారు. నొటేషన్ స్టాండ్ల లైట్లకి కొత్త బ్యాటరీలు వేయండి.