పెద్ద జాతి కుక్కల పెంపకం – 5వ పాఠం: కదలకుండా నిలబడటం

పోయిన పాఠంలో మెడపట్టీ, లీష్ అలవాటు చేశాం. ఇప్పుడు నిలబడటం. కుక్కల ప్రదర్శన జరిగే షో రింగులో జడ్జి చెయ్యి వేసినా, డాక్టరు సూది వేసినా, ఇంట్లో గోళ్లు కత్తిరించినా కుక్కకు కావలసింది ఈ విద్యే. గ్రేట్ డేన్ మగది భుజం దగ్గర కనీసం 80 సెం.మీ., ఆడది 72 సెం.మీ. ఎత్తు ఉండాలని ఎఫ్‌సీఐ (అంతర్జాతీయ కుక్కల సమాఖ్య) ప్రమాణం. అంత కుక్కను బలంతో నిలబెట్టడం ఎవరి తరమూ కాదు. కుక్కపిల్లకు మూడో నెల రాగానే మొదలుపెట్టండి.

ముందు నేల చూసుకోండి. గ్రానైట్, టైల్స్ మీద పిల్ల కాళ్లు జారి ఎడంగా పోతాయి. జారుతుందన్న భయంతో అది వీపు గూనిచేసి బిగుసుకుంటుంది, చివరికి ఆ నిలబడే తీరే అలవాటవుతుంది. నాలుగు కాళ్లూ పట్టేంత రబ్బరు మ్యాట్ వేయండి. తిండికి ముందు, ఆకలి మీదున్నప్పుడు నేర్పాలి. ఉడికించిన ఎముకలేని చికెన్‌ను శనగగింజంత ముక్కలు చేసి, పూటకు 15 ముక్కలు చాలు. రోజుకు మూడుసార్లు, ఒక్కోసారి రెండు నిమిషాలు మించకూడదు.

పిల్ల కూర్చుని ఉండగా ముక్కను ముక్కు ఎదుట పెట్టి, నేలకు సమాంతరంగా నెమ్మదిగా ముందుకు లాగండి. లేచి నిలబడగానే “నిలబడు” అని ఒక్కసారే చెప్పి ముక్క ఇవ్వండి. చెయ్యి పైకి లేస్తే పిల్ల మళ్లీ కూర్చుంటుంది, కిందికి దిగితే పడుకుంటుంది. కొత్తవాళ్లలో చాలామంది తప్పు ఇక్కడే: పిల్ల కూర్చోగానే పొట్ట కింద చెయ్యి పెట్టి లేపుతారు. అలా చేస్తే అది మన చేతి మీదే బరువు వదిలేయడం నేర్చుకుంటుంది. చెయ్యి తీసేసి, ఒక అడుగు నడిపించి, మళ్లీ మొదలుపెట్టండి.

వారం తర్వాత కాళ్లు సర్దడం. ముందుకాలిని పాదం దగ్గర పట్టుకుంటే వెనక్కి గుంజుకుంటుంది. మోచేతి దగ్గర పట్టి కాస్త ఎత్తి, భుజం కింద నిటారుగా దించండి. వెనక కాలిని మడమ కీలుకు కొంచెం పైన పట్టుకోవాలి. కీలు నుంచి పాదం దాకా ఉన్న భాగం నేలకు నిలువుగా రావాలి. డేన్‌కు వెనక కాళ్లు రెండూ ఒకే వరుసలో ఉంటాయి. జర్మన్ షెపర్డ్‌కు మాత్రం ఒకటి వెనక్కి జరిపి నిలబెడతారు, ఆ పద్ధతి ఇక్కడ వద్దు. మొదట ఒక్క సెకను, తర్వాత మూడు, ఐదు, పది. పది దగ్గర కదిలితే మళ్లీ ఐదుకు రండి. వెనక్కి జరిగే పిల్లను గోడకు వీపు చేసి నిలబెట్టండి.

పరాయి చెయ్యి అలవాటు చేయడానికి రెండో మనిషి కావాలి. కుక్కల క్లబ్ శిక్షణ రోజుల్లో వాలంటీర్లు చేసే పనుల్లో అన్నిటికంటే విలువైనది ఇదే. వచ్చే మనిషి ఎదురుగా, పిల్లకు కనిపించేలా రావాలి. తల మీదికి వంగకూడదు. ముందు చెయ్యి వాసన చూడనిచ్చి, భుజం, వీపు, తొడ వరసగా తాకాలి. మగపిల్లకు వృషణాలు రెండూ దిగాయో లేదో జడ్జి చూస్తారు కాబట్టి అక్కడ కూడా మెత్తగా తాకించాలి. చెయ్యి ఆనినంతసేపూ యజమాని ముక్కలు ఇస్తూనే ఉండాలి. చెయ్యి తీయగానే ఆపేయాలి.

పళ్లు చూపించడం చివర. నోరు తెరవొద్దు. దవడలు మూసి ఉండగానే పెదవులు మాత్రం ఎత్తండి, వేళ్లు ముక్కురంధ్రాలకు అడ్డం రాకూడదు. పై పళ్లు కింది పళ్ల ముందు కత్తెరలా ఆనుకుని ఉన్నాయా అన్నది కనిపిస్తే చాలు. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య పాలపళ్లు ఊడతాయి, చిగుళ్లు సలుపుతాయి. ఆ రోజుల్లో పెదవి ఎత్తి వెంటనే వదిలేయండి. అప్పుడు నొప్పి తగిలితే పెద్దయ్యాక కూడా ముఖం తిప్పేస్తుంది.

ఆరో పాఠంలో రింగులో నడక. కుక్కను ఎడమ పక్కన ఉంచుకుని తిప్పాలి. అప్పటిలోగా ముగ్గురు కొత్తవాళ్ల చేతి కింద పది సెకన్లు నిలబడేలా చేయండి.