పనిచేసే చోట చలి, మన హక్కు (పాఠం 3): చలిని లెక్కలో పెట్టడం

పోయిన పాఠంలో ఒక పని ఇచ్చాను కదా, మీ కంపెనీ సేఫ్టీ రూల్స్‌లో టెంపరేచర్ గురించి ఏం రాసుందో వెతికి రాసుకోమని, చేయకపోతే ముందు అది చేసి రండి, దానితో ఇక్కడ పనుంది.

ఇవాళ కొలవడం నేర్చుకుందాం. చాలామంది నేరుగా మేనేజర్ దగ్గరికెళ్లి "సార్, చలిగా ఉంది" అంటారు, ఆయన "నాకేం లేదే, స్వెటర్ వేసుకో" అంటాడు, అక్కడికి కథ అయిపోతుంది. చలి ఒక్కో ఒంటికి ఒక్కోలా ఉంటుంది కాబట్టి మాటని తోసేయడం తేలిక, వారం రోజుల నెంబర్లని తోసేయడం అంత తేలిక కాదు.

గోడకి తగిలించే మామూలు గది థర్మామీటర్ చాలు. మీరు కూర్చునే చోటే, బల్ల ఎత్తులో పెట్టండి, కిటికీ ఎండలోనో కంప్యూటర్ వెనకాలో పెడితే ఎక్కువ చూపిస్తుంది. చేత్తో పట్టుకుని చూడొద్దు, చేతి వేడి కలిసిపోతుంది, పెట్టి ఓ పావుగంట ఆగి చూడండి. ఇంకోటి, నెత్తి మీదికి ఏసీ గాలి కొడుతుంటే అదే టెంపరేచర్‌లో ఇంకా చలేస్తుంది, అది థర్మామీటర్‌లో కనపడదు కాబట్టి విడిగా రాయాలి.

ఎలా రాయాలంటే ఇలా: "సోమవారం, పొద్దున 9:15, 15 డిగ్రీలు, కూర్చుని టైపింగ్, షర్టు మీద స్వెటర్ ఉంది, ఏసీ గాలి నేరుగా తగుల్తోంది, వేళ్లు కొంకర్లు పోయాయి." రోజుకి మూడుసార్లు, పనిలోకి రాగానే, మధ్యాహ్నం, వెళ్లే ముందు. వేళ్ల సంగతి తప్పకుండా రాయండి, మిషన్ల దగ్గర పనిచేసేవాళ్లయితే మరీను, ఎందుకంటే వేళ్లు మొద్దుబారితే పట్టు తప్పుతుంది, అప్పుడది ఇబ్బంది కాదు, ప్రమాదం.

ఇక ఆ నెంబర్‌ని దేనితో పోల్చాలి? ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. బ్రిటన్‌లో పనిచోట ఆరోగ్యం, భద్రత గురించిన 1992 రూల్స్‌తో పాటు ఉన్న కోడ్ (ఆ రూల్స్‌ని ఎలా పాటించాలో చెప్పే పత్రం) మామూలు పనికి కనీసం 16 డిగ్రీలు, బాగా ఒళ్లు అలిసే పనికి 13 అంటుంది, కానీ అది మార్గదర్శకం, అసలు రూల్‌లో ఉన్నది "సబబైన టెంపరేచర్" అన్న మాటే. అమెరికాలో పనిచోట భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఓషా (OSHA) ఆఫీసులకి 68 నుంచి 76 ఫారెన్‌హీట్ మంచిదని చెప్తుంది, అంటే సుమారు 20 నుంచి 24 సెల్సియస్, అదీ తప్పనిసరి కాదు. అందుకే ఎక్కడో చదివిన నెంబర్‌ని "చట్టం ప్రకారం" అని రాసేయకండి, ఒక్క తప్పు దొరికితే మిగతా నిజమంతా పక్కన పడేస్తారు. మీ దేశం రూల్, మీ కంపెనీ రాసుకున్న రూల్, ఈ రెండే వాడండి.

కోల్డ్ స్టోరేజీల్లో పనిచేసేవాళ్లకి లెక్క వేరు, సరుకు కోసం చలి ఉండి తీరాలి, కాబట్టి అక్కడ అడగాల్సింది వెచ్చటి బట్టలు, గ్లవ్స్, మధ్యమధ్యలో వెచ్చగా కూర్చోడానికి ఒక గది.

పని ఆపేసి బయటికి వచ్చేయొచ్చా అని కొందరు అడిగారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1981 నాటి 155వ ఒప్పందంలో దాని మాట ఉంది, ప్రాణానికో ఆరోగ్యానికో తీవ్రమైన ప్రమాదం ముంచుకొచ్చిందని నమ్మడానికి సరైన కారణం ఉన్నప్పుడు, వట్టి చలికి కాదు. దయచేసి తొందరపడొద్దు, దాని గురించి 5వ పాఠంలో వివరంగా చెప్తాను.

ఈ వారం ఐదు పనిరోజులు, పదిహేను ఎంట్రీలు. పక్క సీటు వాళ్లనీ రాయమనండి. వచ్చే పాఠంలో ఆ కాగితం పక్కన పెట్టుకుని ఈమెయిల్ రాద్దాం.