క్లిప్పులు వేయించేటప్పుడు పంటి వేర్ల పొడవు కూడా చూసుకోవాలి

మా అమ్మాయి పళ్లకు క్లిప్పులు వేయించి నెలనెలా టెక్కలి నుంచి శ్రీకాకుళానికి బస్సులో తిరిగిన రోజుల్లో, పళ్లు వరుసలోకి వస్తున్నాయా లేదా అన్నదే చూశాను గానీ చిగురు లోపల వేరు ఎలా ఉందో అడగాలని తోచలేదు. తొమ్మిదో నెలలో తీసిన ఎక్స్‌రేను డాక్టరుగారు పాతదాని పక్కన పెట్టి చూపించారు. మొదటిదానిలో ముల్లంగి కొసలా సన్నగా ఉన్న పై ముందు పంటి వేరు రెండోదానిలో మొండిగా కనిపించింది. అమ్మాయికి ఏ నొప్పీ లేదు. వేరు కురచబడటం సాధారణంగా నొప్పితో బయటపడదు కాబట్టి ఎక్స్‌రేలోనే చూడాలి.

తీగ ఒత్తిడికి పంటి చుట్టూ ఎముక ఒకవైపు కరిగి మరోవైపు కొత్తగా ఏర్పడటం వల్లే పన్ను కదులుతుంది. ఒత్తిడి మితిమీరిన చోట రక్తప్రసరణ ఆగి కణజాలం చనిపోతుంది. దాన్ని తొలగించడానికి వచ్చే కణాలు వేరును కూడా కరిగిస్తాయి. వేరు మీద పడిన చిన్న గుంటలు మళ్లీ పూడతాయి గానీ, పోయిన కొస తిరిగి పెరగదు. అయితే చాలామందిలో తగ్గేది 2 మిల్లీమీటర్ల లోపే కనుక భయపడి చికిత్స మానుకోనక్కరలేదు.

క్లిప్పులు వేయకముందే ఎక్స్‌రే తీయించి, వేర్ల ఆకారం ఎలా ఉందో అడగండి. చిన్నప్పుడు సైకిల్ మీద నుంచి పడి ముందు పళ్లకు దెబ్బ తగిలినా, గోళ్లు కొరికే అలవాటున్నా, ఇంట్లో ఎవరికైనా క్లిప్పుల వల్ల వేర్లు తగ్గినా దాచకుండా చెప్పండి. మొదలుపెట్టిన ఆరు నుంచి తొమ్మిది నెలల మధ్య, ముఖ్యంగా పై ముందు పళ్లకు, మరో ఎక్స్‌రే అవసరమా అని మీరే అడగండి. పెళ్లి ముహూర్తం దగ్గరపడిందనో, సెలవులు అయిపోతున్నాయనో గట్టిగా బిగించమని మాత్రం డాక్టరును తొందరపెట్టకండి. చికిత్స ఏళ్ల తరబడి సాగినా ముప్పు పెరుగుతుంది. సంక్రాంతికి చెరకు కొరికి, జంతికలు నమిలి, తీగను పట్టి ఉంచేందుకు పళ్లకు అతికించిన బ్రాకెట్లు ఊడగొట్టుకుంటే ఆ సాగదీత మన చేజేతులా తెచ్చుకున్నదే.

వేరు తగ్గినట్టు తేలితే రెండు మూడు నెలలు ఒత్తిడి లేకుండా తీగను ఊరికే ఉంచి, తరువాత తేలికపాటి బలంతో కొనసాగించడమో, అనుకున్నంత కదపకుండా ముగించడమో చేస్తారు. మా అమ్మాయికి మూడు నెలలు ఆపారు. క్లిప్పులు తీశాక ఈ అరుగుదల సాధారణంగా ఆగిపోతుంది. వేరు బాగా కురచబడినవారు చిగుళ్ల ఆరోగ్యాన్ని మరింత శ్రద్ధగా చూసుకోవాలి, ఎందుకంటే పంటిని పట్టి ఉంచే ఎముక కూడా తగ్గితే పన్ను కదలడం మొదలవుతుంది. ఎక్స్‌రేలన్నీ తేదీలు రాసి ఒకే కవరులో దాచండి. చదువు కోసం పిల్లలు విశాఖపట్నం వెళ్లి అక్కడ డాక్టరు మారినా, ఆ కవరు వాళ్ల వెంట ఉండాలి.