జీబ్రాఫిష్ పిండాలపై మందు పరీక్ష: గుడ్ల సేకరణ నుంచి గుండె లెక్క దాకా

మనిషి జన్యువుల్లో దాదాపు 70 శాతానికి జీబ్రాఫిష్‌లో సాటి జన్యువులున్నాయి. పిండం గాజులా పారదర్శకం. రెండో రోజుకల్లా, ఏమీ కోయకుండానే, గుండె కొట్టుకోవడం మైక్రోస్కోపులో చూడొచ్చు. చిక్కల్లా ఒక్కటే: కళ్లకు కనిపించే మార్పు మందు వల్లనా, నీళ్ల వల్లనా, ద్రావణి వల్లనా అన్నది తేల్చుకోవడం.

సాయంత్రం బ్రీడింగ్ బాక్సులో ఆడ, మగ చేపల మధ్య అడ్డు పెట్టి, ఉదయం లైటు వెలగగానే తీసేయండి. గుడ్లు జాలీ కిందికి దిగాలి, లేదంటే పెట్టిన చేపలే తినేస్తాయి. వాటిని ఈ3 నీటిలో (పిండాలను పెంచే పలచని ఉప్పు ద్రావణంలో) కడిగి 28.5 డిగ్రీల దగ్గర ఉంచండి. లీటరు ఈ3కి సోడియం క్లోరైడ్ 0.29 గ్రా., పొటాషియం క్లోరైడ్ 0.013 గ్రా., కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ 0.049 గ్రా., మెగ్నీషియం సల్ఫేట్ హెప్టాహైడ్రేట్ 0.081 గ్రా. బూజు పట్టకుండా మిథిలీన్ బ్లూ అనే రంగు కలుపుతారు గానీ, మందు వేసే ప్లేట్‌లో అది వద్దు. ఫ్లోరోసెన్స్ చిత్రాలను పాడుచేస్తుంది.

తెల్లబడిన గుడ్లను వెంటనే ఏరేయండి, ఒకటి కుళ్లితే పక్కవీ పోతాయి. ఫలదీకరణ 70 శాతం లోపుంటే ఆ బ్యాచ్‌నే వదిలేయడం మంచిది. పిండానికి రంగు పట్టకుండా, ఫలదీకరణ జరిగిన 24 గంటల లోపే పీటీయూ (ఫినైల్‌థయోయూరియా) 0.003 శాతం కలపొచ్చు. అయితే అది థైరాయిడ్‌ను అణచివేస్తుంది కాబట్టి ఆ వైపు పరిశోధనకు పనికిరాదు.

ఎక్కువమంది తప్పు చేసేది మోతాదు కలిపే దగ్గరే. డీఎంఎస్ఓ అనే ద్రావణిలో మందును కరిగించిన 10 మిల్లీమోలార్ స్టాక్ (గాఢ ద్రావణం) 1 మైక్రోలీటరును 199 మైక్రోలీటర్ల ఈ3లో వేస్తే మందు 50 మైక్రోమోలార్, డీఎంఎస్ఓ 0.5 శాతం. తక్కువ మోతాదు కోసం ఇదే ద్రావణాన్ని ఈ3తో పలచన చేస్తే డీఎంఎస్ఓ కూడా తగ్గిపోతుంది, కంట్రోల్‌తో (మందు లేకుండా డీఎంఎస్ఓ మాత్రమే వేసిన పిండాలతో) పోలిక చెడుతుంది. పలచన చేసేది డీఎంఎస్ఓలోనే చేయండి. ప్లేట్‌లోని ప్రతి వెల్‌లోనూ (గుంటలోనూ), కంట్రోల్‌తో సహా, పడేది అదే 1 మైక్రోలీటరు కావాలి. కలిపిన గంటకు ఒక వెల్‌ను మైక్రోస్కోపు కింద చూడండి. అడుగున సూదుల్లా స్ఫటికాలు మెరిస్తే మందు కరగలేదన్నమాట, రాసుకున్న మోతాదు ఉత్తదే.

గుడ్డు పొర కొన్ని మందులను ఆపేస్తుంది. ప్రోనేజ్ అనే ఎంజైమ్‌తో (మి.లీ.కు 1 మి.గ్రా.) కొన్ని నిమిషాల్లో పొర వదులవుతుంది, ఆపైన మూడు నాలుగు సార్లు కడగాలి. పొర పోయిన చిన్న పిండాలు ప్లాస్టిక్‌కు అంటుకుని చిరిగిపోతాయి. అడుగున 1 శాతం అగరోజ్ జెల్ పూయండి, లేదా వాటంతట అవే పొదిగే 72 గంటల దాకా ఆగండి.

గుండె లెక్కకు ట్రైకైన్ వాడకండి, మత్తుమందే లయను తగ్గిస్తుంది. ప్లేట్‌ను ఇంక్యుబేటర్ నుంచి తీసి బల్లమీద ఉంచేస్తే చలికీ తగ్గుతుంది. కర్ణికను, జఠరికను విడివిడిగా లెక్కించండి: టెర్ఫెనడైన్ (గుండె లయను చెడగొట్టే పాత అలర్జీ మందు) ఇస్తే కర్ణిక రెండుసార్లు కొట్టుకుంటే జఠరిక ఒక్కసారే కొట్టుకోవడం కనిపిస్తుంది, పరీక్ష మార్పును పట్టుకుంటోందో లేదో చూసే పాజిటివ్ కంట్రోల్‌గా అది చక్కగా పనికొస్తుంది. మందు ఎదుగుదలనే ఆలస్యం చేస్తే లయ మారినట్టు భ్రమ కలుగుతుంది. అందుకే పిండం దశను కూడా నమోదు చేయండి.

ఏ మార్పూ లేకపోతే మందు పనిచేయలేదని తొందరపడి రాయొద్దు. కొన్ని పిండాలను బాగా కడిగి, నూరి, లోపలికి ఎంత మందు చేరిందో మాస్ స్పెక్ట్రోమెట్రీతో (అణువులను వాటి ద్రవ్యరాశిని బట్టి గుర్తించే పద్ధతితో) కొలవండి. నీటిలో 50 మైక్రోమోలార్ ఉన్నా పిండంలోకి అసలు చేరకపోయి ఉండొచ్చు.