రోడ్డు మీద నడిపే స్పోర్ట్స్ కారుకు షాకులు, స్ప్రింగులు ఎంచుకోవడం ఎలా?

షాక్ అబ్జార్బర్లు అరిగిపోయి కొత్తవి వేయించవలసి వచ్చినప్పుడు చాలామంది ముందుగా ఏ కంపెనీవి మంచివని అడుగుతారు. అంతకన్నా ముందు తేల్చుకోవలసింది ఒకటుంది: గతుకు తగిలినప్పుడు చక్రం పైకి లేవడానికి ఎంత జాగా ఉంది? స్పోర్ట్స్ కారు నేలకు దగ్గరగా ఉంటుంది కనుక ఆ జాగా మొదటి నుంచీ తక్కువే. దాన్ని కాపాడే షాకు, స్ప్రింగుల జతను ఎంచుకుంటే కారు మలుపుల్లోనూ, గతుకుల మీదా నిలకడగా ఉంటుంది.

కారు బరువును మోసేది స్ప్రింగు. స్ప్రింగు ఊగిసలాటను అదుపు చేసేది షాకు. అందువల్ల కారు కిందికి కుంగిపోతే షాకులు మార్చి లాభం లేదు, గతుకు దాటాక రెండు మూడుసార్లు ఊగుతుంటే గట్టి స్ప్రింగులు వేసీ లాభం లేదు. షాకు మీద సన్నటి నూనె తడి కనిపించినంత మాత్రాన అది పాడైనట్టు కాదు. నూనె కారి చారలు కట్టినా, టైరు చుట్టూ గుంటలు గుంటలుగా అరుగుతున్నా మార్చవలసిందే. బానెట్ మీద చేత్తో నొక్కి చూసే పరీక్షలో పూర్తిగా చచ్చిపోయిన షాకు మాత్రమే దొరికిపోతుంది, సగం అరిగినది దొరకదు.

జాగా ఎంత ఉందో కొలవడం కష్టమేమీ కాదు. రాడ్డు బయటికి కనిపించే షాకు అయితే దాని రాడ్డుకు ఒక జిప్ టై బిగించి, షాకు గొట్టం అంచుకు ఆనేలా కిందికి జరపాలి. తర్వాత రోజూ తిరిగే దారిలోనే మామూలు వేగంతో నడిపి వచ్చి చూస్తే, టై ఎక్కడిదాకా నెట్టుకుపోయిందో చక్రం అంతదాకా లేచిందన్న మాట. అది బంప్ స్టాప్‌ను (చక్రం లేచే చివరి హద్దులో అడ్డుకునే మెత్తటి దిమ్మను) గట్టిగా ఒత్తుకుని ఉంటే ఉన్న జాగా అప్పటికే అయిపోయింది, కారును ఇంకా దించే ఆలోచన మానుకోవాలి.

స్ప్రింగు గట్టిదనాన్ని మిల్లీమీటరుకు ఇన్ని న్యూటన్లని గానీ, ఇన్ని కిలోలని గానీ చెబుతారు. మిల్లీమీటరుకు 1 కిలో అంటే దాదాపు 9.8 న్యూటన్లు. ఈ అంకెను ఒక మోడల్ నుంచి మరో మోడల్‌కు పోల్చకూడదు. చక్రం 10 మిల్లీమీటర్లు లేచినప్పుడు స్ప్రింగు 7 మిల్లీమీటర్లే నొక్కుకునే అమరికలో, చక్రం దగ్గర తెలిసే గట్టిదనం 0.7ను 0.7తో గుణించినంత, అంటే స్ప్రింగు అంకెలో సుమారు సగమే. మెక్‌ఫెర్సన్ స్ట్రట్ (షాకు, స్ప్రింగు ఒకే స్తంభంగా కలిసి చక్రాన్ని నిలబెట్టే అమరిక) ఉన్న కారులో ఈ తేడా చాలా స్వల్పం.

పోల్చడానికి పనికివచ్చేది కారు ఊగే వేగం. ఒక చక్రం మీద కారు బరువు 300 కిలోలు, చక్రం దగ్గర గట్టిదనం మిల్లీమీటరుకు 27 న్యూటన్లు అనుకుంటే కారు ఆ మూలన సెకనుకు సుమారు 1.5 సార్లు ఊగుతుంది. గట్టిదనాన్ని రెట్టింపు చేస్తే అది 2.1కి చేరుతుంది, అప్పుడు రోడ్డు మీది ప్రతి అతుకూ వెన్నుకు తెలుస్తుంది. రోడ్డు కారుకు 1.5 నుంచి 2 మధ్య ఉంటే సరిపోతుంది. కంపెనీ స్ప్రింగుకన్నా 15 నుంచి 30 శాతం గట్టిది చాలునని, అంతకు మించి వెళ్లాలంటే ట్రాక్ మీద నడిపే అవసరం ఉండాలని నా అభిప్రాయం. మలుపుల్లో ఒరగడం ఒక్కటే ఇబ్బంది అయితే యాంటీ రోల్ బార్ (ఎడమ, కుడి చక్రాలను కలిపి ఒరగడాన్ని తగ్గించే కడ్డీ) మార్చడం మేలు, తిన్నగా వెళ్లేటప్పుడు రెండు చక్రాలూ కలిసి లేచే గతుకుల మీద అది అడ్డుపడదు.

ముందు వెనకల పొత్తు కూడా చూడాలి. ముందు చక్రాలు గతుకును ముందుగా ఎక్కుతాయి కనుక, వెనక భాగం కాస్త వేగంగా ఊగితే రెండూ త్వరగా ఒకే తాళంలోకి వస్తాయి. 1930లలో జనరల్ మోటార్స్‌లో పనిచేసిన ఇంజినీరు మోరిస్ ఓలీ నిలబెట్టిన సూత్రమిది. అందుకే స్ప్రింగులు నాలుగూ ఒకే సెట్‌గా కొనడం మంచిది.

కారును దించాలనుకుంటే 20, 25 మిల్లీమీటర్లతో ఆగడం క్షేమం. మెక్‌ఫెర్సన్ స్ట్రట్ కారును మరీ దించితే చక్రాన్ని కారు అడుగుభాగానికి కలిపే కింది ఆర్మ్ బయటివైపుకు ఎగువాలుగా తిరిగి, రోల్ సెంటర్ (మలుపులో కారు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది) కారు గరిమనాభికన్నా ఎక్కువగా కిందికి పడిపోతుంది. గట్టి స్ప్రింగులు వేసినా ఒరిగే గుణం కొంత అలాగే మిగలడానికి కారణం ఇదే. దించిన స్ప్రింగుతో పూర్తి పొడవు షాకు వేస్తే కారు బంప్ స్టాప్‌ల మీదే కూర్చుంటుంది. చక్రం పూర్తిగా వేలాడినప్పుడు స్ప్రింగు వదులై జారే ప్రమాదమూ ఉంటుంది. బిల్‌స్టైన్ వారు మామూలు ఎత్తు స్ప్రింగులకు బీ6, పొట్టి స్ప్రింగులకు పొడవు తగ్గించిన బీ8 అని వేర్వేరుగా తయారు చేసేది ఇందుకే.

షాకుల్లో ఒకే గొట్టం ఉన్నవి వేడిని త్వరగా వదిలేస్తాయి, రెండు గొట్టాలవి సాధారణంగా చవక, చిన్న గతుకుల మీద మెత్తన. ఏ రకమైనా, అది అదుపు చేయగల గట్టిదనం మీ స్ప్రింగుకు సరిపోతుందో లేదో అమ్మేవారిని సూటిగా అడగండి. గట్టిదనాన్ని మార్చుకునే మర ఉన్న షాకుల్లో రీబౌండ్ (నొక్కుకున్న షాకు తిరిగి సాగేటప్పటి నిరోధం) మాత్రమే మారేవి రోడ్డుకు చాలు. అయితే దాన్ని అతిగా బిగిస్తే వరస గతుకుల మీద చక్రం మళ్లీ కిందికి దిగే లోపే తర్వాతి గతుకు వచ్చి, సస్పెన్షన్ కొంచెం కొంచెంగా కిందికి నొక్కుకుపోతుంది. మెత్తటి వైపు నుంచి మొదలుపెట్టి, ఊగడం ఆగిన చోటే ఆపాలి. కంపెనీ నుంచి ఎలక్ట్రానిక్ షాకులతో వచ్చిన కారులో మామూలువి వేస్తే డాష్‌బోర్డులో హెచ్చరిక దీపం వెలుగుతుంది, దానికి పరిష్కారం ఉందో లేదో కొనక ముందే కనుక్కోవాలి.

షాకులను కనీసం ఒకే ఇరుసుకు జతగా మార్చాలి. పై మౌంట్లు, బంప్ స్టాప్‌లు, లాక్ నట్లు కూడా కొత్తవే వేయించాలి. నొక్కి ఉన్న స్ప్రింగు జారితే ప్రాణాపాయం కనుక స్ప్రింగును నొక్కి పట్టే సరైన కంప్రెసర్ లేకుండా దాని జోలికి వెళ్లకూడదు. రబ్బరు బుష్‌ల (సస్పెన్షన్ కీళ్ల దగ్గరి రబ్బరు తొడుగుల) బోల్టులను కారు చక్రాల మీద నిలిచాకే పూర్తిగా బిగించాలి, గాలిలో ఉండగా బిగిస్తే రబ్బరు మెలితిరిగి త్వరగా చిరుగుతుంది. చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా నాలుగు మూలలా ఎత్తు కొలిచి రాసుకుని, స్ప్రింగులు కుదురుకున్నాక మళ్లీ కొలిచి, అప్పుడు వీల్ అలైన్‌మెంట్, హెడ్‌లైట్ల ఎత్తు సరిచేయించాలి.